పరుగుకూ ఒక మోతాదు

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే సిద్దిపేట జిల్లా మద్దూరు లాంటి మండలాల్లో తెల్లవారుజామున రోడ్ల మీద ఉరికేవాళ్ళు ఒక్కసారిగా పెరుగుతారు. ఇంకా చీకటి ఉండగానే నలుగురైదుగురు కలిసి బయలుదేరతారు. కొందరి కాళ్ళకు పాత స్పోర్ట్స్ షూ, కొందరికి అవీ ఉండవు. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022లో పెట్టిన లెక్క ప్రకారం కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. తర్వాత లాంగ్ జంప్, షాట్‌పుట్. ఊళ్ళో అందరూ వీటిని ‘ఈవెంట్స్’ అంటారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వస్తే ఈవెంట్స్ డిసెంబరులో జరిగాయి. మధ్యలో రాతపరీక్ష ఉంది కాబట్టి చాలామంది పుస్తకాలు పక్కనపెట్టి పరుగు అందుకునేది చివరి నెలల్లోనే.

క్రీడాకారుడు అనగానే మనకు పతకం మెడలో వేసుకున్న మనిషి గుర్తొస్తాడు. స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్ అంటే క్రికెట్ మైదానంలోకి సంచి పట్టుకుని పరిగెత్తే మనిషి. నా ఉద్దేశంలో ఆ విద్య అవసరం ఎక్కువగా ఉన్నది మాత్రం ఇక్కడ, ఈ రోడ్డు మీద ఉరికే పిల్లలకు, సాయంత్రం బడి గ్రౌండులో కబడ్డీ ఆడేవాళ్ళకు, పొద్దంతా పొలంలో పనిచేసి చీకటి పడేలోపు వాలీబాల్ నెట్ కట్టుకునేవాళ్ళకు. 2022 జూన్ 2న రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడాప్రాంగణాలు మొదలుపెట్టింది. ఆడే చోటు అలా దగ్గరైంది కానీ, దెబ్బ తగిలితే చూసే ఫిజియో కోసం మాత్రం ఇంకా సిద్దిపేటకో జనగామకో బస్సెక్కాలి.

ముందు ఆ 1600 మీటర్ల సంగతి చూద్దాం. 435 సెకన్లలో పూర్తి చేయాలంటే గంటకు 13 కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. ఆ వేగంలో సుమారు 1200 అడుగులు పడతాయి, అంటే ఒక్కో కాలికి సుమారు ఆరు వందలు. పరిగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల బలం కాలి మీద పడుతుంది. 60 కిలోల పిల్లవాడి కాలు ఒక్కో అడుగుకు 120 నుంచి 150 కిలోల దాకా భరిస్తుందన్నమాట. కాలు అందుకు తగినదే. చిక్కు ఎక్కడంటే నిన్నటిదాకా బైకు మీద తిరిగిన కాలు ఈ రోజు నుంచి రోజూ ఐదు కిలోమీటర్లు తారురోడ్డు మీద ఉరకడం దగ్గర.

రెండు మూడు వారాలు గడిచాక మాట మొదలవుతుంది. “మోకాలి కింద ఎముక నొస్తుంది సార్. ఉరికితే గుంజుతది, ఆగితే తక్కువైతది.” ఎవరో నూనె పెట్టి మాలిష్ చేస్తారు. ఇంకొకరు క్రేప్ బ్యాండేజి చుట్టమంటారు. ఊళ్ళో డాక్టరు నొప్పి ఇంజెక్షన్ ఇస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఆ రెండు రోజుల్లో పిల్లవాడు వెనకబడ్డ పరుగంతా కలిపి తీస్తాడు.

ఈ నొప్పికి చరిత్ర ఉంది. 1855లో ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హౌప్ట్ అనే సర్జన్ దూరాలు కవాతు చేసిన కొత్త సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడం గమనించి రాశాడు. దెబ్బ తగల్లేదు, పడలేదు, అయినా నడవలేరు. కారణం ఆయనకు అంతుబట్టలేదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాక, 1897లో ఆ పాదాలకు ఫొటోలు తీసి చూస్తే సన్నటి పగుళ్ళు బయటపడ్డాయి. ఇప్పుడు వాటిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాం. మన బ్యాడ్మింటన్ తార పి.వి. సింధు ఎడమ పాదంలో 2015లో వచ్చింది అదే. 2022లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన ఊపులో మళ్ళీ ఎడమ పాదానికే వస్తే ఆమె ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడలేకపోయింది. ప్రష్యన్ సైనికుడు, ఒలింపిక్ పతక విజేత, కానిస్టేబుల్ కావాలనుకునే కుర్రాడు: ముగ్గురి ఎముకా ఒకే సూత్రం మీద నడుస్తుంది.

ఎముక ప్రాణమున్న కణజాలం. అందులో ఆస్టియోక్లాస్టులనే కణాలు అరిగిన, సన్నగా చిట్లిన భాగాన్ని తొలిచేస్తాయి. వాటి వెనకే ఆస్టియోబ్లాస్టులు వచ్చి ఆ గుంతను కొత్త ఎముకతో పూడుస్తాయి. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు, ఎముక తన మీద పడే బరువును బట్టి తన ఆకారాన్ని, బలాన్ని మార్చుకుంటుందని. అంటే పరుగు ఎముకను గట్టిపరుస్తుంది. కానీ తొలవడానికి, పూడ్చడానికి పట్టే కాలం ఒకటి కాదు. తొలిచే పని మూడు వారాల్లో అయిపోతుంది. పూడ్చే పనికి మూడు నెలలు కావాలి. కొత్తగా పరుగు మొదలుపెట్టిన మనిషి ఎముక మూడో వారం, నాలుగో వారంలో మొదటి రోజు కన్నా బలహీనంగా ఉండవచ్చు. సరిగ్గా అప్పుడే ఊపిరి కుదురుతుంది, కండరాలు తేలికవుతాయి, ‘ఇంకా కొంచెం పెంచుదాం’ అనిపిస్తుంది. కొత్త సైనికుల్లో ఈ పగుళ్ళు శిక్షణ తొలి వారాల్లోనే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. గుండెకూ ఊపిరితిత్తులకూ సత్తువ వచ్చినంత తొందరగా ఎముకకు రాదు. ఈ ఒక్క ముక్క ప్రతి కోచింగ్ సెంటర్ గోడ మీదా రాసి పెట్టాలని నాకు ఉంటుంది.

అలా వచ్చిన పిల్లవాణ్ణి ఫిజియో బల్ల మీద కూర్చోబెట్టి ముందు ఒక ప్రశ్న అడుగుతాడు: ఈ నెల రోజుల్లో ఏ వారం ఎంత ఉరికినవ్? ఎక్కడ నొప్పి అనేది తర్వాత. జవాబు చెబుతుంటేనే సగం సంగతి బయటపడుతుంది. మొదటి వారం రోజుకు రెండు కిలోమీటర్లు, రెండో వారం ఐదు, మూడో వారం ఉదయం సాయంత్రం రెండు పూటలా. అప్పుడు వేళ్ళ పని. మోకాలి కింద నుంచి చీలమండ దాకా, ముందు ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ దిగాలి. నొప్పి నాలుగైదు వేళ్ళ వెడల్పున, అంచు పొడుగునా పరచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్స్ అనే ఎముక పైపొర బాధ. పరుగు తగ్గించి, పిక్క కండరాలకు బలం పెంచితే లొంగుతుంది. అలా కాకుండా రూపాయి బిళ్ళంత చోట వేలు పెట్టగానే పిల్లవాడు కాలు వెనక్కి లాక్కుంటే, ఒంటికాలి మీద ఒక్క గెంతుకే అదే చోట కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, పగులు అనుకునే ముందుకు పోవాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్-రేలో ఏమీ కనబడకపోవచ్చు. “ఎక్స్-రే మంచిగనే ఉంది, ఉరుకు” అన్న మాట నమ్మి ఉరికితే సన్న పగులు కాస్తా ఎముక పూర్తిగా విరిగే దాకా పోయే ప్రమాదం ఉంది. అనుమానం తీరాలంటే ఎంఆర్ఐ చేయించాలి. లేదంటే పగులు ఉందనే లెక్కగట్టి కాలికి పరుగు మాన్పించాలి.

పరుగు మానమంటే పిల్లవాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వయసు పరిమితి దాటిపోతుందన్న భయం, ఇంట్లో చేసిన అప్పు, అన్నీ ఆ కళ్ళలో ఉంటాయి. అందుకే ‘రెస్ట్ తీసుకో’ అని వదిలేయడం వైద్యం కాదు. ఊపిరి సత్తువ పోకుండా సైకిల్ తొక్కించవచ్చు. బావిలో ఈత వచ్చినవాళ్ళయితే ఈత. కూర్చుని షాట్ విసిరే సాధన. నొప్పి లేకుండా అరగంట చకచకా నడవగలిగిన రోజున మళ్ళీ పరుగు మొదలు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా కొన్ని విడతలు, రోజు విడిచి రోజు, తారు మీద కాకుండా మట్టి బాట మీద. మామూలు చోట వచ్చిన పగులైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది పరుగుకు తిరిగొస్తారు. మోకాలి కింది ఎముక ముందువైపు అంచున వచ్చిన పగులు మాత్రం మొండిది, దాన్ని ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

విడతలు, మధ్యలో విరామాలు అనడానికి కారణం ఉంది. ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల ఎముకల మీద ఒక ప్రయోగం చేశారు. రోజుకు 360 సార్లు బరువు మోపారు. కొన్నిటికి అదంతా ఒకే విడత, కొన్నిటికి అదే లెక్కను నాలుగు విడతలుగా, మధ్యలో గంటల తరబడి విరామంతో. విడతలుగా మోపిన ఎముకలే ఎక్కువ గట్టిపడ్డాయి. వరసగా బరువు పడుతుంటే కాసేపటికి ఎముక కణాలు ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. విరామం దొరికితే మళ్ళీ వింటాయి. నోటిఫికేషన్ రాకముందే, మామూలు రోజుల్లోనే, పూటకు పది ఇరవై గెంతులు వేసుకునే పిల్లవాడు ఆరు నెలల తర్వాత పరుగు మొదలుపెట్టినప్పుడు గట్టి ఎముకతో మొదలుపెడతాడు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక కబడ్డీ. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరి, 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక టీవీలోకి వచ్చింది కానీ మన ఊళ్ళకు అది ఎప్పటి నుంచో ఉన్న ఆట. 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు కోర్టులో, 30 సెకన్ల రైడులో, ఒంటరిగా వెళ్ళిన మనిషిని ఏడుగురు దాకా పట్టడానికి కాచుకుంటారు. ఇంత దగ్గరగా, ఇంత వేగంగా దిశలు మార్చే ఆటలో దెబ్బలు ఎక్కువగా పడేది చీలమండకు, మోకాలికి, భుజానికి, చేతివేళ్ళకు.

చీలమండ బెణికితే ఊళ్ళో పుట్టే పెద్ద ప్రశ్న ‘ఎముక విరిగిందా?’ ఎక్స్-రే కోసం పట్నం పోవాలా వద్దా అని తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం కొన్ని సూత్రాలు తయారుచేసింది. వైద్యశాస్త్రం ఊళ్ళకు ఇచ్చిన మంచి కానుకల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే వీటికి వేళ్ళు తప్ప పరికరం అక్కర్లేదు. చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చే ఎముక గుబ్బల వెనక అంచును, కింది కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర నొక్కి చూడాలి. పాదం బయటి అంచున మధ్యలో తగిలే ఎముక గుబ్బను, లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముకను కూడా నొక్కాలి. వీటిలో ఎక్కడా ఎముక మీద నొప్పి లేకపోతే, దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడూ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయగలిగితే, విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఒక్కచోట నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు పడకపోయినా ఎక్స్-రేకు పోవాలి. ప్రతి పీఈటీ సారుకూ ఇది నేర్పితే అక్కర్లేని బస్సు ఛార్జీలు మిగులుతాయి, విరిగిన కాలికి మాలిష్ చేసే ప్రమాదమూ తప్పుతుంది.

విరగలేదని తేలాక ఐస్ పెట్టాలా అంటారు. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లోకమంతా పాటించింది. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఆయనే, ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాటను సవరించుకున్నాడు. వాపు అనేది శరీరం మొదలుపెట్టిన మరమ్మతు. నొప్పి భరించలేకపోతే కాసేపు ఐస్ పెట్టుకోవచ్చు, తప్పు లేదు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, గట్టి మాలిష్ మాత్రం వద్దు. కట్టు కట్టి, నొప్పి ఎంతవరకు ఓర్చుకోనిస్తే అంతవరకు నడిపించడమే మేలు.

బెణికిన కాలు వాపు తగ్గగానే బాగైపోయిందనుకుంటారు. నెలకే అదే కాలు మళ్ళీ మడతపడుతుంది. 1965లో ఫ్రీమన్ అనే బ్రిటిష్ సర్జన్ దీనికి కారణం చెప్పాడు. లిగమెంట్ కీలును పట్టి ఉంచడంతో పాటు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు కబురు పంపే నాడీ తంతువులను కూడా తనలో దాచుకుంటుంది. బెణికినప్పుడు ఆ తంతువులూ తెగుతాయి. కబురు ఆలస్యమైతే పాదం వంగిపోతున్నప్పుడు దాన్ని ఆపాల్సిన కండరం సమయానికి బిగుసుకోదు. దీనికి మందు లేదు, సాధన ఉంది. రోజూ పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు దెబ్బ తగిలిన కాలి మీద ఒంటిగా నిలబడడం, అది తేలికైతే కళ్ళు మూసుకుని, అదీ తేలికైతే ఇసుకలో. ఆరు వారాలు చేస్తే తేడా తెలుస్తుంది. నాకు తెలిసి ఇది చెప్పినంతమందీ చేయరు, చేసినవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ బెణుకుతో రారు.

మోకాలి కథ ఇంత సులువు కాదు. రైడరు ఎదుటివాళ్ళను తాకి మధ్యగీత వైపు తిరుగుతాడు. అదే క్షణంలో మూలన ఉన్న డిఫెండర్ వాడి చీలమండను రెండు చేతులా బిగించి పట్టుకుంటాడు. పాదం ఆగిపోయింది, ఒళ్ళు తిరుగుతోంది. ఆ మెలిక అంతా మోకాలిలో ఏటవాలుగా ఉండే మూడు సెంటీమీటర్ల ఏసీఎల్ లిగమెంట్ మీద పడుతుంది. ‘టప్’మని శబ్దం వినబడిందని ఆటగాళ్ళే చెబుతారు. గంటల్లో మోకాలు నిండుగా వాస్తుంది. నెల తర్వాత నడుస్తాడు, సైకిల్ తొక్కుతాడు, కానీ గ్రౌండులో పక్కకు తిరగబోతే “మోకాలు జారుతది సార్” అంటాడు.

ఊరి కబడ్డీలో ఇంకో చిక్కుంది, దాని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదు. మట్టిలో వట్టి కాళ్ళతో ఆడేటప్పుడు పాదం కొద్దిగా జారుతుంది. ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. పెద్ద టోర్నమెంటు అనగానే మ్యాట్, దాని మీద గట్టిగా పట్టే బూట్లు. పాదం అతుక్కుపోతుంది. నార్వేలో హ్యాండ్‌బాల్ మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, చెక్క నేల కన్నా పట్టు ఎక్కువగా ఉండే కృత్రిమ నేల మీద ఆడిన మహిళలకు ఏసీఎల్ దెబ్బలు ఎక్కువ తగిలినట్టు తేలింది. మట్టిలో ఏడాదంతా ఆడి నేరుగా మ్యాట్ మీదికి దిగే జట్టుకు కనీసం కొన్ని రోజులు ఆ బూట్లతో, ఆ నేల మీద మెల్లగా తిరగడం, ఆగడం అలవాటు చేయించాలని నా అభిప్రాయం.

ఏసీఎల్ తెగితే ఆట ముగిసినట్టే అనుకునే కాలంలో పుల్లెల గోపీచంద్‌కు 1994 జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు, నెలల తరబడి వ్యాయామం, ఆ తర్వాత ఏడేళ్ళకు 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్. ఇది అందరూ చెప్పుకునే కథ. అంతగా చెప్పుకోనిది స్వీడన్‌లో జరిగి 2010లో వెలువడిన అధ్యయనం. ఏసీఎల్ తెగిన 121 మంది చురుకైన యువతను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, ఆపైన వ్యాయామం. రెండో గుంపుకు ముందు వ్యాయామమే, మోకాలు కుదురుకోకపోతేనే ఆపరేషన్. రెండేళ్ళ తర్వాత చూస్తే రెండు గుంపుల మోకాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. రెండో గుంపులో పదిమందిలో ఆరుగురికి అప్పటికి ఆపరేషనే అవసరం పడలేదు. అందరికీ ఇది వర్తిస్తుందని కాదు. పెద్ద స్థాయిలో, వేగంగా దిశలు మార్చే ఆట ఆడాలనుకునేవారికి, లోపలి కుషన్ లాంటి మెనిస్కస్ కూడా తెగినవారికి సర్జన్ సలహా వేరుగా ఉండవచ్చు. కానీ ఎంఆర్ఐ రిపోర్టు చేతికి రాగానే పొలం తాకట్టు పెట్టడానికి పరిగెత్తే తండ్రికి, మూడు నెలలు క్రమంగా వ్యాయామం చేసి చూసే దారి కూడా ఉందని ఎవరైనా చెప్పాలి. అది ఫిజియో బాధ్యత.

ఆపరేషన్ చేయించుకున్నవారి సంగతి మరీ బాధ కలిగిస్తుంది. కుట్లు విప్పాక ఊరికొచ్చేస్తారు. తొడ కండరం చూస్తుండగా సన్నబడుతుంది. నాలుగైదు నెలలకు నొప్పి లేదు కదా అని దిగిపోతారు. డెలావేర్, ఓస్లో పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగి దిగడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగం తగ్గింది. కాలం ఒక్కటే చాలదు, బలం కూడా కావాలి. ఖరీదైన యంత్రం లేకున్నా కొలవచ్చు: నేల మీద గీత గీసి, మంచి కాలితో ఒంటిగా ఎంత దూరం గెంతాడో, ఆపరేషన్ కాలితో ఎంత గెంతాడో టేపుతో కొలవాలి. పదిలో తొమ్మిది వంతులైనా రావాలి. గెంతిన దూరంతో పాటు దిగిన తీరు చూడాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగితే దూరం ఎంతైనా ఆ కాలు ఇంకా సిద్ధంగా లేదు.

నొప్పి ఉన్న చోట బరువు పెట్టడమే వైద్యం అనే ఆలోచన ఎంత వింతగా మొదలైందో చెప్పాలి. స్వీడన్ సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కు మడమ పైన ఉండే అకిలిస్ స్నాయువులో ఎంతకూ తగ్గని నొప్పి. ఆపరేషన్ చేయమని అడిగితే పై అధికారి ఒప్పుకోలేదు. స్నాయువు తెగితే గానీ చేయరు కదా అని, దాన్ని తెంపుకోవడానికే మెట్టు అంచున నిలబడి మడమను బరువుతో కిందికి దించే వ్యాయామం రోజూ చేయడం మొదలుపెట్టాడు. తెగలేదు, నొప్పి పోయింది. 1998లో 15 మంది పరుగువీరులతో 12 వారాలు, రోజుకు రెండు పూటలా అదే చేయించి ఫలితాన్ని ప్రచురించాడు. అందరూ పరుగుకు తిరిగొచ్చారు. వాలీబాల్ ఆడేవాళ్ళకు మోకాలి చిప్ప కింద వచ్చే నొప్పికి కూడా ఇదే దారి. మద్దూరులో దీనికి జిమ్ అవసరం లేదు. ఇంటి ముందు గడప మెట్టు, ఇసుక నింపిన సంచి ఉంటే చాలు.

దెబ్బ తగలకముందే చేసే పని ఇంకా మేలు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ బాలికలు 1892 మందితో జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ఆటకు ముందు 20 నిమిషాలు పద్ధతిగా వార్మప్ చేసిన జట్లలో దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైనవి సగం దాకా తగ్గాయి. తొడ వెనక కండరం పట్టేయకుండా నార్డిక్ అనే వ్యాయామం ఉంది: మోకాళ్ళ మీద నిలబడితే తోటివాడు రెండు చీలమండలను నేలకు అదిమి పట్టుకుంటాడు. నడుము వంచకుండా ఒళ్ళంతా ఒకే బిగువుతో, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా ముందుకు ఒరగాలి. ఇక ఆగదనుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించుకోవాలి. మొదటి వారం మూడు నాలుగు సార్లు చాలు, ఎక్కువ చేస్తే రెండు రోజులు కూర్చోలేరు. ఫుట్‌బాల్ జట్లలో ఇది తొడ వెనక కండరం గాయాలను సుమారు సగానికి తగ్గించింది. చీలమండలు పట్టుకోవడం కబడ్డీ పిల్లలకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు.

ఇంతదాకా చెప్పినవాటిలో చాలా భాగం నార్వే నుంచి, స్వీడన్ నుంచి వచ్చాయి. అక్కడి ఆటగాడి రోజుకూ ఇక్కడి ఆటగాడి రోజుకూ పెద్ద తేడా ఉంది. కార్ల్ ఫోస్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సాధన భారాన్ని కొలవడానికి ఒక తేలిక పద్ధతి చెప్పాడు: ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేయమని ఆటగాణ్ణే అడిగి, ఆ మార్కును నిమిషాలతో గుణించడం. గంటసేపు కబడ్డీకి ఒక అమ్మాయి ఏడు మార్కులు వేస్తే 420. అదే అమ్మాయి ఆ రోజు వరి నాట్లకు కూలికి పోయి వచ్చిందనుకుందాం. ఆరు గంటలు, అంటే 360 నిమిషాలు, ఐదు మార్కులు వేసినా 1800. కోచ్ రిజిస్టరులో కనిపించేది 420 మాత్రమే. నడుము వంచి, బురదలో కాళ్ళు పీకుతూ వెనక్కి నడిచిన ఆరు గంటలు ఎక్కడా రాసి ఉండవు. సాయంత్రం ఆ పిల్ల రైడులో అర సెకను ఆలస్యంగా కదిలితే ‘బద్ధకం’ అంటారు. ఫోస్టర్ ఈ లెక్కను పొలం పనికోసం తయారు చేయలేదు. కానీ మన ఊరి ఆటగాళ్ళ దగ్గర దీన్ని పొలంతో కలిపి లెక్కిస్తేనే అర్థముంటుందని నా నమ్మకం. పత్తి ఏరడం, నారు కట్టలు మోయడం, యూరియా బస్తాలు దించడం, అన్నీ ఆ లెక్కలోకి రావాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి, వీలైతే అడిగేది మహిళ అయితే మంచిది. నెలసరి సక్రమంగా వస్తోందా? ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే శరీరం ముందు నెలసరిని ఆపుతుంది. ఆ వెంటే ఎముక సాంద్రత తగ్గుతుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్లు పెరుగుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి హెచ్చరిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలిందంటే, ఖాళీ కడుపుతో తెల్లవారుజామున పరుగుకు పోయే అమ్మాయికి వ్యాయామం చెప్పే ముందు ఏం తిన్నావని అడగాలి. పరుగు తర్వాత రెండు గుడ్లు, పల్లీలు, ఒక గ్లాసు పాలు చాలాసార్లు పిక్కకు కట్టే పట్టీ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

సంక్రాంతికి ఊళ్ళల్లో కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు పెడతారు. యాసంగి నాట్లు కూడా సరిగ్గా డిసెంబరు చివర నుంచి జనవరి దాకా సాగుతాయి. కాబట్టి ఫిజియో పీఈటీ సారుతో, జట్టు పెద్దమనిషితో కూర్చుని మాట్లాడుకోవాల్సింది నవంబరులోనే. గట్టి సాధన, నార్డిక్‌లు, గెంతులు అన్నీ పత్తి చివరి ఏరుడుకూ నాట్లకూ మధ్య దొరికే రోజుల్లో పెట్టుకోవాలి. నాట్లు మొదలయ్యాక కూలికి పోయిన రోజు సాయంత్రం వార్మప్, పది నిమిషాల పట్టు సాధన, అంతే. పోని రోజున పూర్తి ఆట. ఎవరు ఏ రోజు పొలానికి పోతున్నారో జట్టు వాట్సాప్ గ్రూపులో ముందు రాత్రే ఒక ముక్క పెడితే, కోచ్‌కు రేపటి సాధన ఎంత ఉండాలో పొద్దున్నే తెలిసిపోతుంది.